మంత్రులు పోతే ఆట అయిపోయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి, చెస్ టోర్నమెంట్లు ఆడుతుంటాడు. తెల్ల పావులొస్తే రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) ఆడతాడు. ఎదుటివాళ్లు దానికి జవాబుగా బెర్లిన్ డిఫెన్స్ ఆడితే ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ పోతాయి, ఇంకాసేపటికి మావాడు డ్రా అడిగేస్తాడు. ‘అందులో ఏం లేదు నాన్నా’ అంటాడు. ఓపెనింగ్ మార్చమంటారా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ డ్రా అడగడం మాన్పించండి, ఓపెనింగ్ సంగతి తర్వాత చూద్దాం. మీవాడి విసుగు నాకర్థమైంది. 2000లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో క్రామ్నిక్ ఇదే డిఫెన్స్‌ని అప్పటి ఛాంపియన్ కాస్పరోవ్ మీద నాలుగుసార్లు ఆడితే నాలుగూ డ్రానే, ఆ మ్యాచ్‌లో 15 గేములాడి ఒక్కటి కూడా గెలవలేక కాస్పరోవ్ టైటిలే పోగొట్టుకున్నాడు.

కానీ బంట్లు చూడమనండి. రాజు వైపు తెలుపుకి నాలుగు, నలుపుకి మూడు. అవతలి వైపు నలుపుకి నాలుగున్నా, సీ నిలువు వరుసలో రెండు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉంటాయి కాబట్టి వాటిలో ఒకదాన్ని చివరి గడికి చేర్చి కొత్త మంత్రిని తెచ్చుకోవడం కష్టం. అంటే పావులన్నీ మార్చేసుకుంటే మామూలుగా గెలుపు తెలుపుదే. అందుకే నలుపు తన రెండు శకటుల్నీ పట్టుకుని వేలాడుతుంది. మీవాడు డ్రా అడిగేది సరిగ్గా తనకి పని మొదలయ్యే చోట!

2014 సోచిలో కార్ల్‌సన్–ఆనంద్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ 11వ గేమ్ దగ్గర పెట్టుకుని ఆడించండి. మంత్రులు లేవు కాబట్టి భయం లేదని కార్ల్‌సన్ రాజు 17వ ఎత్తులో బయల్దేరి హెచ్2, జీ3, ఎఫ్3 గళ్ల మీదుగా నడుచుకుంటూ 27వ ఎత్తుకి బోర్డు నడుమ ఈ4లో నిలబడింది. సరిగ్గా అప్పుడే ఆనంద్ ఎక్కువ విలువైన ఏనుగుని శకటుకి వదిలేశాడు (అప్పటిదాకా బాగానే ఆడాడు, నాకిప్పటికీ బాధే), 45వ ఎత్తుకి గేమ్ పోయింది, దాంతో మ్యాచ్ కూడా.

మంత్రులు ఉండాల్సిందే అంటే నాలుగో ఎత్తులో బంటుని డీ3కి జరిపితే సరి. అలాగని అది మంత్రమేం కాదు, 2013లో చెన్నైలో ఆనంద్ అలా ఆడి కూడా ఓ గేమ్ ఓడాడు.

ఇంట్లో ఓ పని చేయండి. ఎనిమిదో ఎత్తు తర్వాత రాజులు, బంట్లు తప్ప అన్నీ తీసేసి, నల్లవి మీరు తీసుకుని మీవాడితో ఆడండి. వరసగా ఓడిపోతారు, ఏమనుకోకండి.