జర్మనీలో రెస్టారెంట్ మూసేస్తుంటే పాత ఫ్రిజ్‌లు, కోల్డ్ రూమ్ ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు: రెస్టారెంట్ సామానును పాత ఇనుము కొనేవారికి అమ్మేయవచ్చా, ఊరి వ్యర్థాల కేంద్రంలో ఉచితంగా తీసుకుంటారా, ఇంకా పనిచేస్తున్న ఫ్రిజ్‌లను హైదరాబాదు పంపవచ్చా. ఇక్కడే ఒక భారతీయ రెస్టారెంట్‌లో వంటగది సామగ్రి నేను చూసుకునేవాణ్ణి. అది వేరే చోటికి మారినప్పుడు ఈ పనంతా నా నెత్తిన పడింది. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు కరెంటుతో సంబంధం లేనివన్నీ ఒక పక్కకు పెట్టండి. స్టీలు బల్లలు, సింకులు, అరలు, గ్యాస్ పొయ్యి మీద పెట్టే దోసె పెనం వట్టి లోహమే. తుక్కు వ్యాపారి తూకం వేసి డబ్బిస్తాడు. వెట్ గ్రైండర్ కరెంటుదే కాబట్టి దాన్ని మాత్రం తుక్కులో వేయకండి. మన వాళ్ల సంఘంలో ఒక్క మాట చెబితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోతారు.

కరెంటు సామాను సంగతి వేరు. వీధుల్లో పాట పెట్టుకుని తిరిగే పాత ఇనుము వ్యాన్లు మన ఊళ్లో 'పాత సామాన్లు కొంటాం' అంటూ తిరిగే బండ్ల లాంటివే. కానీ ఇక్కడి చట్టం ప్రకారం పాడైన విద్యుత్ పరికరాలను తీసుకునే హక్కు వారికి లేదు. మా దగ్గరకూ ఒకతను వచ్చాడు. ఫ్రిజ్ మొత్తం వద్దు, కంప్రెసర్ ఒక్కటి కోసుకుపోతానన్నాడు. రాగి కోసం ఆశ. ఆ గొట్టం కోసిన క్షణంలో లోపలి గ్యాసంతా గాలి పాలవుతుంది. అప్పుడు ఇరుక్కునేది మీరు.

ఐరోపా ఇంత పట్టుబట్టడానికి కారణం ఆ గ్యాసే. ఫ్రిజ్ లోపలి గోడ మీదో వెనక వైపో ఒక లోహపు రేకు ఉంటుంది, టార్చి వేసి దాని మీద రాసిన గ్యాసు పేరు చదవండి. ఆర్-404ఏ అని ఉంటే, అది ఒక కిలో బయటికి పోయినా 3,922 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. ఆర్-134ఏ అయితే 1,430. ఆర్-290 అంటే ప్రొపేన్, వాతావరణానికి చేసే చేటు నామమాత్రం, కానీ మండుతుంది. మొదటి రెండు రకాలూ వ్యర్థాల జాబితాలో 160211 అనే సంఖ్య కిందికి వస్తాయి. దాని పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది, అంటే ప్రమాదకర వ్యర్థం.

ఇక డబ్బు ఎవరు కట్టాలి? ఇక్కడే చాలామంది తికమకపడతారు. 2005 ఆగస్టు 13 తర్వాత మార్కెట్లోకి వచ్చిన వాణిజ్య పరికరమైతే, దాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదారే చేయాలి. అంతకు ముందుదైతే జర్మనీలో ఖర్చు యజమానిదే. తయారీదారు బాధ్యత అన్నారు కదా అని మీ గుమ్మం దగ్గరికి లారీ వస్తుందనుకోకండి. తిరిగి ఇచ్చే చోటు చూపిస్తే చాలు, అక్కడి దాకా మోత ఖర్చు తరచుగా మనదే అవుతుంది. పైగా కొన్నప్పటి ఒప్పందంలో వేరే షరతు రాసుకునే వీలు కూడా చట్టం ఇచ్చింది. అందుకే పాత బిల్లు వెతికి, వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదివి, ఆ తర్వాతే తయారీదారుకు రాయండి. రేకు ఫొటో జత చేస్తే జవాబు త్వరగా వస్తుంది. ఊరి కేంద్రంలో ఉచితం అన్నది ఇళ్ల నుంచి వచ్చే వాటికి. ఇంట్లో వాడే లాంటి చిన్న ఫ్రిజ్ ఒకటి ఉంటే ఫోన్ చేసి అడగండి, మూడు తలుపుల స్టీలు ఫ్రిజ్‌ను మాత్రం గేటు దగ్గరే తిప్పి పంపుతారు.

ప్లగ్ పెట్టి వాడే ఫ్రిజ్‌లను విప్పకుండా, నిలువుగానే అప్పగించండి. శుద్ధి కేంద్రంలో ముందు గ్యాసును, కంప్రెసర్ నూనెను లాగేస్తారు. తర్వాత మూసి ఉన్న యంత్రంలో పెట్టెను నుజ్జు చేసి, గోడల్లోని నురుగు నుంచి వచ్చే గ్యాసును కూడా పడతారు. తొంభైల మొదట్లోవో అంతకు ముందువో అయితే ఆ నురుగులో ఓజోన్ పొరను తినే గ్యాసు ఉండే అవకాశం ఎక్కువ.

కోల్డ్ రూమ్ అలా కాదు. కంప్రెసర్ బయట, చల్లబరిచే భాగం లోపల, మధ్యలో రాగి గొట్టాలు. వాటిని విప్పక ముందే సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ గ్యాసు తీయాలి. మా గది రేకు మీద 3 కిలోల ఆర్-404ఏ అని ఉంది, అంటే దాదాపు 11.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అతను ఖాళీ సిలిండరును తూకం మీద పెట్టి సున్నా చేశాడు. రెండు గొట్టాలు తగిలించి యంత్రం ఆన్ చేశాక అంకెలు నెమ్మదిగా పెరిగి రెండున్నర దగ్గర ఆగిపోయాయి. తక్కిన అర కిలో ఏమైందని లీకు తనిఖీల పుస్తకం అడిగాడు. ఇంత గ్యాసున్న యంత్రానికి ఏడాదికోసారి తనిఖీ తప్పనిసరి. మీ పుస్తకం ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. తీసిన గ్యాసు ఎంతో రాసిచ్చే కాగితం, ఫ్రిజ్‌లు అప్పగించిన రసీదు రెండూ దాచండి. నాకైతే భవనం యజమాని డిపాజిట్ తిరిగి ఇచ్చే ముందు అవే అడిగాడు.

హైదరాబాదు ఆలోచన మానుకోండి. వాడిన పరికరం పంపాలంటే అది పనిచేస్తోందని పరీక్షించిన పత్రం ఉండాలి, సరైన ప్యాకింగ్ ఉండాలి. లేకపోతే అధికారులు దాన్ని వ్యర్థంగానే లెక్కిస్తారు. ఆర్-404ఏ, ఆర్-134ఏ లాంటి గ్యాసులున్న ఈ తరహా శీతల యంత్రాలనైతే 2025 మార్చి 12 నుంచి ఈయూ బయటికి ఎగుమతి చేయడమే నిషేధం.

పనిచేసే సామాను ఉంటే నా సలహా ఒకటే: మీ తర్వాత ఆ దుకాణం తీసుకునే వారికి వంటగదిని ఉన్నదున్నట్టుగా, కొంత సొమ్ము పుచ్చుకుని అప్పగించండి. ఇక్కడ అది మామూలే. ధర మరీ బిగించకండి, ఎందుకంటే బేరం చెడితే మోత ఖర్చు, టెక్నీషియన్ రుసుము, శుద్ధి ఖర్చు మూడూ మీ మీద పడతాయి. అద్దె గడువుకు ఇంకా నెలలున్నాయని రాశారు కాబట్టి ప్రకటన ఈ వారమే ఇవ్వండి.