గేములు కొనబోతున్న మేనకోడలికి

శ్రావణీ,

కొత్త కంప్యూటర్ కొన్నావనీ, గ్రాఫిక్స్ కార్డు కూడా మంచిదే వేయించావనీ మీ అమ్మ చెప్పింది. పెద్ద స్టూడియోల భారీ గేములు కొనాలా, నలుగురైదుగురు కలిసి చేసే ఇండీ గేములు కొనాలా అని అడిగావు. రెండూ కొనుక్కో. కాకపోతే పెద్దవి ఆలస్యంగా కొను, చిన్నవి వెంటనే కొను. చాలా ఏళ్లుగా ఆడుతున్నవాణ్ణి కాబట్టి, ఎందుకో కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఇండీ గేములు ఈ మధ్య వచ్చిన మోజు అనుకోకు. మా తరం కంప్యూటర్ సెంటర్లలో ఎగబడి ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాను 1989లో జోర్డాన్ మెక్నర్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. తమ్ముడికి తెల్లబట్టలు వేసి, పరిగెత్తించి, గెంతించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క ఫ్రేమే చూసుకుంటూ బొమ్మలుగా మార్చాడు. రాకుమారుడు గోడ అంచు పట్టుకుని పైకి లేచేటప్పుడు ఒంటి బరువు మనకు తెలిసేది అందుకే. తర్వాతి కాలంలో ఆ వరుస గేములు యూబీసాఫ్ట్ చేసింది. అందులో మరొకటిగా మొదలైన ప్రయత్నమే 2007లో అసాసిన్స్ క్రీడ్‌గా బయటికి వచ్చింది. ఇప్పుడు ఆ సిరీస్‌లో ఒక్కో గేముకు అనేక దేశాల్లో వందలాది మంది పనిచేస్తారు.

అంతమంది పనిచేస్తే ఖర్చు ఎంతవుతుందో చూడు. ద లాస్ట్ ఆఫ్ అస్ అనే గేము రెండో భాగానికి సుమారు 22 కోట్ల డాలర్లు అయిందని ఒక కోర్టు కేసులో దాఖలైన పత్రాల వల్ల బయటపడింది. అంత డబ్బు తిరిగి రావాలంటే ఆ గేము లక్షల మందికి నచ్చి తీరాలి. వెయ్యి మందికి వండే పెళ్లివంటలో కారం ఎవరికీ ఇబ్బంది లేనంతే వేస్తారు కదా, ఇక్కడా అదే జరుగుతుంది. మ్యాపు నిండా గుర్తులు, ప్రతి గుర్తు దగ్గరా ఇంచుమించు ఒకే పని. అలాంటివి ఒకటి రెండు ఆడితే మూడోది ఎలా ఉంటుందో నీకే తెలిసిపోతుంది.

అలాగని పెద్ద గేములను చులకనగా మాట్లాడేవాళ్ల వెంట పోకు. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో కథానాయకుడి గడ్డం రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. గుర్రం ఒంటికి బురద అంటుకుంటే మనమే బ్రష్‌తో శుభ్రం చేయాలి. మంచులో నడిస్తే అడుగుల జాడ పడుతుంది. వీటిలో ఏదీ కథ ముందుకు సాగడానికి అవసరం లేదు, కానీ ఇవన్నీ కలిస్తేనే ఆ లోకం నిజమనిపిస్తుంది. వేలమంది ఏళ్ల తరబడి కష్టపడితే తప్ప అంత పని జరగదు, ముగ్గురి వల్ల అయ్యేది కాదు.

మరి ఆలస్యంగా ఎందుకు కొనాలి? సైబర్‌పంక్ 2077 చూడు. 2020 డిసెంబరు 10న విడుదలైంది. లోపాలు ఎంతగా ఉన్నాయంటే, కొద్ది రోజులకే సోనీ దాన్ని తన స్టోరు నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. అదే గేము 2023లో లోపాలు సరిదిద్దుతూ వచ్చిన 2.0 ప్యాచ్ తర్వాత చక్కగా ఆడుతోంది. ఆగినవాళ్లకు తక్కువ ధరకు మంచి గేము దొరికింది. విడుదలకు ముందే డబ్బు కట్టే ప్రీ-ఆర్డర్ జోలికి అసలు పోవద్దు, డౌన్‌లోడ్ చేసుకునే వస్తువుకు సరుకు అయిపోవడం ఉండదు. ఆన్‌లైన్‌లో మాత్రమే ఆడగలిగే గేముల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండు. 2024 ఆగస్టు 23న వచ్చిన కాంకర్డ్‌ను సెప్టెంబరు 6న మూసేశారు. డబ్బు వెనక్కి ఇచ్చారు గానీ, ఆ గేము ఇక లేదు. కొనేముందు డిస్కులో చోటు కూడా చూసుకో. రెడ్ డెడ్‌కు 150 జీబీ కావాలన్నారు, స్టార్‌డ్యూ వ్యాలీకి 500 ఎంబీ చాలు.

ఆ స్టార్‌డ్యూ వ్యాలీ గురించి చెప్పాలి. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని ప్రోగ్రామింగు, బొమ్మలు, సంగీతం అన్నీ తానే చేసి 2016లో విడుదల చేశాడు. 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం జనం ఇచ్చిన చందాలతో హాలో నైట్ చేసి 2017లో తెచ్చింది. దాని మీద వచ్చిన డబ్బుతో ఏళ్లు తీసుకుని సిల్క్‌సాంగ్ చేసింది. పెద్ద గేములను 70 డాలర్లకు అమ్ముతున్న 2025లో దాన్ని 20 డాలర్లకే ఇచ్చింది. ఇలాంటి బృందాలకు మొదటి వారాల అమ్మకాలే తర్వాతి గేముకు ఆధారం. చిన్నవి వెంటనే కొనమన్నది అందుకే.

నువ్వు మాత్రం వెన్బాతో మొదలుపెట్టు. టొరంటోలోని విసై గేమ్స్ 2023లో చేసిన గేము, మరుసటి ఏడాది బ్రిటన్‌లో తొలి గేముకిచ్చే బాఫ్టా అవార్డు అందుకుంది. 1980లలో కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ. ఆ ఇంటి తల్లి పేరే వెన్బా, ఆమె దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంటుంది. అందులో కాగితాలు చిరిగిపోయాయి, కొన్ని చోట్ల అక్షరాలు చెరిగిపోయాయి. ఇడ్లీ రేకులు ఎలా పేర్చాలో పుస్తకం పూర్తిగా చెప్పదు, మనమే ఆలోచించి పేర్చాలి. మీ అమ్మ పక్కన ఒక్కసారి నిలబడి చూసినా నీకు తట్టేస్తుంది. కొడుకు పెరిగేకొద్దీ తల్లి భాషకూ వంటకూ దూరమవుతాడు. డల్లాస్‌లోనో టొరంటోలోనో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్ల ఇళ్లలోనూ ఉన్న బాధే అది. కోట్ల డాలర్లు పెట్టే కంపెనీ ఏదీ ఇడ్లీ రేకుల మీద గేము తీయదు. నాకు చిన్న గేములంటే ఇంత ఇష్టం ఇందుకే.

చిన్నది గనక మంచిదే అయివుంటుందని మాత్రం నమ్మకు. 2016లో నో మ్యాన్స్ స్కై చిన్న బృందం చేసినదే. పెద్ద గేము ధర పెట్టారు, చెప్పినవాటిలో చాలా విషయాలు అందులో లేవు. తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చి నిలబెట్టుకున్నారు. అందరికీ ఆ ఓపిక ఉండదు. కాబట్టి ట్రైలర్‌ను బట్టి నిర్ణయించుకోకు, ఎవరైనా ఆడుతున్న వీడియో కోతలు లేకుండా అరగంట చూడు. ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, ఉన్నదైతే, ఈరోజు ఉన్నంత వరకే నీకు చాలనిపిస్తే కొను.

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలకు మించకపోతే రిఫండ్ వస్తుంది. కంప్యూటర్ మీద సరిగా ఆడని గేముకు మొహమాటపడకుండా వాడుకో. వెన్బా ఆ 2 గంటల లోపే అయిపోతుంది. పూర్తిగా ఆడేసి డబ్బు వెనక్కి అడగడం మాత్రం తగని పని.

రెడ్ డెడ్‌ను డిసెంబరు సేల్‌లో తీసుకుందువుగాని. ఈలోపు ఆడిన ప్రతి చిన్న గేముకూ స్టీమ్‌లో రెండు వాక్యాల రివ్యూ రాయి, తెలుగులో రాసినా సరే. పది రివ్యూలు వచ్చేదాకా స్టీమ్ ఆ గేము గురించి మొత్తం మీద జనం ఏమనుకుంటున్నారో చూపించదు.

మీ మామయ్య