మూల మడవకే అమ్మడూ

చిరంజీవి అమ్మడుకి మావయ్య ఆశీస్సులు.

చదవమని నువ్విచ్చిన నవల మొన్న రాత్రి తెరిచాను. మొదటి యాభై పేజీల్లోనే తొమ్మిది మూలలు మడిచి ఉన్నాయి. కొన్ని పైమూలలు, కొన్ని కిందివి. ఒక పేజీకైతే రెండూ మడిచావు. ఏది చదవడం ఆపిన చోటో, ఏది నచ్చిన చోటో నాకెలా తెలుస్తుందే? నీకైనా గుర్తుందా? మడతలన్నీ వేలితో సాపుచేసి, లావుపాటి నిఘంటువు కింద రెండు రోజులు పెట్టాను. పేజీలు చదునయ్యాయి గానీ గీతలు పోలేదు. ఇక పోవు కూడా. కాగితంలో పీచు ఒకసారి విరిగితే మళ్లీ అతకదు. అదే మూలని పదేపదే మడిస్తే ఓ రోజు ఊడి చేతిలోకొస్తుంది. ఇన్నేళ్ల బైండింగు పనిలో అలాంటి మూలలు ఎన్ని అతికించానో లెక్కలేదు.

తిట్టడానికి రాయడం లేదులే. ఏ బుక్‌మార్క్ కొనుక్కోమంటావని ఫోన్లో అడిగావు కదా, ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నా విను. ఏది వాడినా ఒక్కటి చూసుకో: గుర్తు తీసేశాక పుస్తకం మీద దాని గుర్తు మిగలకూడదు.

అన్నిటికన్నా సులువైనది కాగితం చీటీ. నేను బొమ్మలు వేసుకునే మందపాటి తెల్ల కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పున కత్తిరించుకుంటాను. న్యూస్‌పేపర్ ముక్క మాత్రం పెట్టకు. అందులో చెక్క గుజ్జు ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ అది పచ్చబడి, తన ఆకారాన్ని అటూ ఇటూ పేజీల మీద గోధుమరంగు నీడలా అచ్చువేస్తుంది. పువ్వులూ ఆకులూ అంతే. వాటి తడి పేజీలోకి దిగి మచ్చ కడుతుంది. అంత ముచ్చటగా ఉంటే పాత నోటుపుస్తకంలో ఆరబెట్టుకో, పాపం నవలేం చేసింది?

పేపర్ క్లిప్పు సంగతి నా అనుభవంతోనే చెప్తాను. కుర్రతనంలో ఒక పద్యాల పుస్తకంలో నచ్చిన పేజీకి ఇనుప క్లిప్పు తగిలించి మరిచిపోయాను. ఎన్నో వర్షాకాలాలు గడిచాక తెరిస్తే క్లిప్పు తుప్పుపట్టి పేజీకి అతుక్కుపోయి ఉంది. మెల్లిగా లాగినా కాగితం పొరతో సహా లేచొచ్చింది. కింద మూడు పేజీల దాకా తుప్పు దిగింది. పోయిందేమో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్యంలో చివరి పాదం.

రంగురంగుల అంటించే చీటీల కథ వింతైనది. వాటి జిగురును 1968లో త్రీఎమ్ సంస్థలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. గట్టిగా అంటుకోని జిగురు దేనికి పనికొస్తుందో చాలా ఏళ్లు ఎవరికీ తోచలేదు. అక్కడే పనిచేసే ఆర్ట్ ఫ్రై చర్చిలో పాడేవాడు. పాటల పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్న కాగితాలు మాటిమాటికీ జారిపోతుంటే విసుగెత్తి, ఆ జిగురు రాసిన చీటీ అయితే నిలుస్తుంది కదా అనుకున్నాడు. అంటే అది మొదట తోచిందే బుక్‌మార్క్‌గా! అయినా పాత పుస్తకాలకి నేను వాడనివ్వను. చీటీ తీశాక కంటికి కనబడని జిగురు పొర కొంత మిగిలిపోతుంది, దానికి దుమ్ము పడుతుంది. పరీక్షల పుస్తకాలకి వాడుకో, ఫరవాలేదు.

ప్రయాణాల్లో చదివేదానివి కాబట్టి అయస్కాంతం బుక్‌మార్కులు నీకు నచ్చుతాయి. పేజీకి రెండువైపులా పట్టుకుంటాయి, సంచిలో పుస్తకం తలకిందులైనా జారవు. విప్పి తీయాలి సుమా, పక్కకి లాగావంటే పల్చటి కాగితం చిరుగుతుంది. మూలకి తొడిగే టోపీల్లాంటివి కొనక్కర్లేదు. పాత కవరు మూలని రెండంగుళాల మేర కత్తిరిస్తే అదే టోపీ.

నా ఓటు మాత్రం రిబ్బన్‌కే. తోలువి అంతకన్నా పాతవి, కాదనను. ఈజిప్టులో సక్కారా దగ్గర ఒక మఠం శిథిలాల్లో పుస్తకం అట్టకి కట్టిన తోలు గుర్తు దొరికింది, అది ఆరో శతాబ్దానిదట. కానీ తోలు మందం, రంగు వేసిందైతే చెమ్మకి అంటుతుంది కూడా. రిబ్బన్ పుస్తకంలోనే పుడుతుంది. కుట్టు అయ్యాక, వీపుకి, అంటే పేజీలన్నీ కలిసే అంచుకి, గుడ్డ అంటించే ముందు, దాని కొసను పైభాగాన అతికిస్తాం. పొడవుకి కొలత ఏమిటంటే, పేజీని మూల నుంచి ఎదురుమూలకి కొలిచి దానికి రెండంగుళాలు కలపాలి. అంతకన్నా పొట్టిదైతే చేతికి అందదు.

లేని పుస్తకానికి నువ్వే పెట్టుకోవచ్చు. గట్టి అట్ట పుస్తకాన్ని బాగా తెరిస్తే, చాలావాటికి వీపుకీ అట్టకీ మధ్య బోలుగా ఉంటుంది. ఆ ఖాళీకి సరిపడా సన్నటి అట్టముక్క కత్తిరించి, దాని ఒక కొసకి రిబ్బన్లు అంటించు. గమ్ ఆరాక ఆ ముక్కని పైనుంచి ఖాళీలోకి దించు. పుస్తకానికి చుక్క గమ్ తగలదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. మూడు రంగులు పెట్టుకో: చదువుతున్న చోటికొకటి, వెనకాల వివరణలకొకటి, నచ్చిన చోటికొకటి. నీ తొమ్మిది మడతల్లో సగం దానితో తీరిపోతాయి. కొసలు పోగులు లేవకుండా ఏటవాలుగా కత్తిరించు. నైలాన్ అయితే అగ్గిపుల్ల మంట పక్కకి ఒక్క క్షణం తెస్తే చాలు. పట్టుకి, నూలుకి మంట చూపించకు, పల్చటి గమ్ అద్దు.

ఇక నువ్వు అడగనిది ఒకటుంది. పేజీ దొరుకుతుంది సరే, ఏ వాక్యం దగ్గర ఆగావు? మధ్యయుగంలో ఐరోపాలో రాతప్రతులు చదివేవాళ్లు దీనికో ఉపాయం చేశారు. దారానికి తోలుకాగితం ముక్క ఒకటి గుచ్చి, అది పైకీ కిందికీ జరిగేలా పెట్టి, అందులో తిరిగే చిన్న బిళ్ల అమర్చారు. తెరిచిన పుస్తకంలో పేజీకి రెండేసి చొప్పున నాలుగు నిలువు వరుసలు ఉండేవి కాబట్టి బిళ్ల మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. దారం పేజీని చెబుతుంది, ముక్క ఎత్తుని చెబుతుంది, బిళ్ల వరుసని చెబుతుంది. మనకి అంత అక్కర్లేదు. నా చీటీకి ఒకవైపు చిన్న చుక్క ఉంటుంది. ఆగిన పేజీవైపు చుక్క తిప్పి, చీటీ పైఅంచు ఆ వాక్యం కిందికి వచ్చేలా పెడతాను. చీటీ పుస్తకం కిందినుంచి బయటికి వచ్చినా సరే, పై అంచు మాత్రం వాక్యం దగ్గరే.

ఏమీ దొరక్కపోతే పుస్తకం బోర్లించకు, పెన్ను లోపల పెట్టి మూయకు. వీపు పగిలిపోతుంది. పేజీ నంబరు గుర్తుపెట్టుకో, అంతే.

నీ నవల ఇంకా పూర్తి కాలేదు. 214వ పేజీలో ఉన్నాను, ఎడమవైపు, సగానికి కాస్త పైన. ఆ పెద్దావిడ తలుపు తీస్తుందో లేదో తేలాక పంపిస్తాను. మూడు రిబ్బన్లు పెట్టే పంపుతాలే.

ఇట్లు
మీ మావయ్య