పులికాట్‌లో డచ్ కోట ఎక్కడుంది? గోడ కోసం కాదు, కందకం కోసం వెతకండి

"మ్యాప్‌లో గెల్డ్రియా కోట అని ఉంది, వెళ్తే ముళ్లకంప తప్ప ఏమీ లేదు, తప్పు చోటికి వెళ్లానా?" అని పులికాట్ వెళ్లొచ్చిన ఒకరు అడిగారు. లేదండీ, బహుశా సరిగ్గా కోట ముందే నిలబడి ఉంటారు. మొదటిసారి నాకూ ఇదే జరిగింది.

సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో పొన్నేరి, అక్కడి నుంచి తమిళనాడులో సరస్సు ఒడ్డున ఉన్న పులికాట్ ఊరికి బస్సు. మే నెల, మిట్టమధ్యాహ్నం (అంత తెలివి). డచ్చివాళ్ల సమాధులు వెంటనే దొరికాయి. పురావస్తు శాఖ కంచె, బోర్డు అన్నీ ఉన్నాయి. ద్వారం దగ్గర చెక్కిన అస్థిపంజరాలు చూసి ఇదే కోట వాకిలేమో అనుకుని బోలెడు ఫొటోలు తీసుకున్నాను. అసలు కోట గురించి అడిగితే వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, "కోట యాడుండాది అబ్బయ్యా, అడివే ఉండాది" అని చెట్లవైపు చెయ్యి చూపించాడు. నమ్మలేదు. రెండు గంటలు ఊరంతా తిరిగి వచ్చేశాను.

పొరపాటు ఏమిటంటే నేను గోడ కోసం వెతికాను. ఆ గోడలు పోయి రెండు వందల ఏళ్లు దాటింది. 1610లో విజయనగర రాజు వెంకటపతిరాయల అనుమతితో డచ్చివాళ్లు (నెదర్లాండ్స్ వాళ్లు) అక్కడ వర్తక కేంద్రం పెట్టారు. 1612లో పోర్చుగీసువాళ్లు వచ్చి దాన్ని ధ్వంసం చేశారు. దాంతో 1613కల్లా కోటే కట్టేశారు. కట్టించిన డచ్చి అధికారి వెమ్మర్ వాన్ బెర్హెమ్ సొంత ప్రాంతం పేరే దానికి పెట్టారు. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ (ఈ తూర్పు తీరం) డచ్చి వ్యాపారానికంతా అదే ముఖ్యస్థానం. చివరికి 1806లో ఇంగ్లీషువాళ్లు పడగొట్టారు. పడిపోయిన కోట ఇటుకని ఊరు ఊరికే వదలదు కదా, చుట్టుపక్కల ఇళ్లలోకి పోతుంది.

కందకం సంగతి వేరు. గోడని మందుపెట్టి పేల్చేయొచ్చు, అంత పొడవు గొయ్యి పూడ్చాలంటే ఎవరికి ఓపిక? అందుకే రెండోసారి వెళ్లేముందు శాటిలైట్ మ్యాప్ తెరిచి, సమాధుల పక్కన గీత గీసినట్టున్న నలుచదరం కోసం చూశాను. సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకున్న చదరం, దాని అంచున పల్లం. నాలుగు మూలలా బురుజులున్న పాత డచ్చి ప్లాన్ ప్రింటు పక్కన పెట్టుకుంటే మొదట అస్సలు కుదరలేదు. కారణం సిల్లీగా ఉంటుంది: ఆ ప్లాన్‌లో ఉత్తరం పైకి లేదు. కాగితం తిప్పి పట్టుకోగానే కుదిరింది. మీరు ఏ పాత ప్లాన్ వాడినా ముందు దిక్కు చూసుకోండి, సరస్సు ఏ పక్కన ఉందో చూస్తే తెలిసిపోతుంది.

ఈసారి డిసెంబర్‌లో, వానలు తగ్గాక వెళ్లాను. పల్లంలో నీళ్లు నిలిచి కందకం దానంతట అదే కనిపించింది. గట్టు వెంబడి నడిస్తే కాళ్లకింద సున్నం అంటిన ఇటుక ముక్కలు. ఒకచోట నేల ఉన్నట్టుండి ఎత్తయింది, అది బురుజు తాలూకు దిబ్బే అని నా అంచనా.

లోపలికి మాత్రం దూరకండి. తుమ్మముల్లు చెప్పు అడుగులోంచి దిగింది నాకు, పైగా పాముల భయం. గట్టు మీంచి చూస్తే చాలు. ఇటుక ముక్కలు ఎత్తుకురావద్దు. ఆ పెద్దాయన మళ్లీ కనిపించలేదు, కనిపిస్తే సారీ చెప్పేవాణ్ణి.