ఆ అవ్వను మళ్లీ పిలువు

గ్రీమ్స్‌పేట, చిత్తూరు

నాయనా,

నీ కథ అంది పది రోజులైంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. కోపంలో ఉత్తరం రాయకూడదని పక్కన పెట్టాను. రెండోసారి చదువుతూ ఏడో పేజీలో ఆగిపోయాను. అక్కడ ఒక వాక్యం రాశావు: "ఎదురింటి అవ్వ రోజూ బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పొగడ మొక్కకు పోసి పోయేది." అంతే. తర్వాతి వాక్యంలో నీ కథానాయకుడు మైకు పట్టుకున్నాడు. అవ్వ మళ్లీ కనపడలేదు.

పన్నెండు పేజీల్లో నా మనసుకు తగిలింది ఆ వాక్యమే. కోపం కూడా దాని వల్లే వచ్చింది. ఎంత పెద్ద విషయం చేతికి దొరికిందో చూసుకోకుండా దాటిపోయావు.

నీ భాష బాగుంది, ఆపకుండా చదివిస్తుంది. ఆ మాట చెప్పేశాను, ఇక అసలు సంగతికొస్తాను.

నీ కథ మీ తిరుపతి కాలనీదే. ఏళ్ల తరబడి పాడుబడ్డ పార్కు స్థలం. చెత్త, కంపచెట్లు, రాత్రిళ్లు తాగి పారేసిన సీసాలు. నలుగురు కుర్రాళ్లు ఒక ఆదివారం పని మొదలుపెడితే మెల్లగా కాలనీ అంతా కదిలింది. నలభై మొక్కలు నాటారు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశారు. "కాలనీ అంతా ఒక్క కుటుంబమైంది" అని ముగించావు.

మొక్క నాటడం ఒక పూట పని నాయనా. ఆగస్టులో నేల మెత్తగా ఉంటుంది, గుంత తీయడం సులువు, పైన మబ్బు పట్టి ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. మనవైపు పెద్ద వానలు అక్టోబరు తర్వాత వస్తాయి కాబట్టి సంక్రాంతి దాకా మొక్క దాని పాటికి అది బతుకుతుంది. మార్చిలో తల వాలుస్తుంది. ఇక రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటి, చీకటి పడ్డాక కూడా కొండ వైపు నుంచి సెగ కొడుతుంటే, ఆ నలభై మొక్కలకు నీళ్లు ఎవరు పోశారు? ఒక్కో మొక్కకు రెండు బిందెలు వేసుకున్నా ఎనభై బిందెలు. కల్యాణి డ్యామ్ నీళ్లయినా తెలుగుగంగ నీళ్లయినా ఇంట్లో తాగడానికి పట్టుకున్నాకే కదా మొక్కకు. ఎవరి కుళాయి దగ్గర పట్టారు? బోరు నీళ్లయితే ఎవరి మోటారు? కరెంటు బిల్లు పెరిగిందని ఆ ఇంట్లో ఎవరు ఎవరితో గొడవపడ్డారు? మొదటి వారం ఇరవై మంది వచ్చి ఆరో వారానికి ముగ్గురే మిగిలినప్పుడు, ఆ ముగ్గురు ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకున్నారు? నువ్వు కథ ఆపిన చోట నుంచి మొదలుపెట్టాలి.

నలభై ఏళ్లుగా నాకు ఒకటే పట్టుదల. నలుగురు కలిసి చేసిన పని గురించి రాసేటప్పుడు ఆ పనిని రాయాలి. చైతన్యం వెల్లివిరిసిందనీ, ఐకమత్యం వికసించిందనీ రాస్తే పాఠకుడికి ఏమీ కనపడదు. నీ మూడో పేజీలో "యువకులు పిచ్చి మొక్కలను తొలగించారు" అని ఉంది. ఏ పిచ్చి మొక్కలు? మన ఊళ్లో ఖాళీ స్థలమంటే సగం వయ్యారిభామ. తెల్లటి పూలు చూస్తే కొత్తిమీర పూత పూసినట్టు ఉంటుంది. చేతులకు ఏమీ తొడుక్కోకుండా పీకితే కొంతమందికి రాత్రికి మోచేతుల దాకా దద్దుర్లు లేస్తాయి, దాని పుప్పొడి పడనివాళ్లకు ఆయాసం వస్తుంది. పూత రాకముందే వేరుతో సహా పీకాలి. పూశాక పీకితే విత్తనం రాలిపోయి మరుసటి వానకు మళ్లీ లేస్తుంది. ఇక మిగతా సగం కంపచెట్లు. సర్కారు తుమ్మ అంటారే, అదే. దాన్ని మొదలుకు కొట్టేసి ఇంటికి పోయినవాడు నెల తిరిగేసరికి ఒక్క కొమ్మ ఉన్నచోట ఆరు చూస్తాడు. గడ్డపారతో చుట్టూ తవ్వి మొద్దు పెకలించాలి. దాని ముల్లు చెప్పును చీల్చుకుని అరికాల్లో దిగుతుంది. నువ్వు రెండు మాటల్లో తేల్చేసిన ఆ పని తక్కువలో తక్కువ మూడు ఆదివారాల పని. ఎవరి అరికాల్లో ముల్లు దిగింది? పిన్నీసుతో ఎవరు తీశారు? అంతవరకు గేటు దగ్గర కూడా పలకరించుకోని ఇద్దరు మనుషులు దగ్గరయ్యేది అక్కడే.

పీకిన కంపంతా ఎటు పోయింది? మొక్కలు కనిపిస్తున్నాయి, కుప్ప కనిపించడం లేదు. ట్రాక్టరు ఎవరు పిలిచారు? కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికులు ఎత్తారా? ఎత్తితే, ఆదివారం సెలవు మానుకుని వచ్చిన వాళ్లకు కనీసం టీ ఇచ్చింది ఎవరు?

ఆ స్థలాన్ని మూడుచోట్ల "గవర్నమెంటు స్థలం" అన్నావు. ఇది కూడా సరిచూసుకో. లేఅవుట్ వేసేటప్పుడు మొత్తం భూమిలో కనీసం పది శాతం పార్కులకూ ఆటస్థలాలకూ వదలాలని మన రాష్ట్రంలో నిబంధన ఉంది. ఆ భాగాన్ని స్థానిక సంస్థకు రాసిస్తారు. చూసుకునేది కార్పొరేషనే అయినా, దాని ఖరీదు ప్లాట్లు కొన్నవాళ్లందరి డబ్బులోనే కలిసి ఉంటుంది. మీ కాలనీలో ఎవరి బీరువాలోనో ఆ పాత లేఅవుట్ ప్లాను మడతలు చిరిగి పడి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, నడిబజారులో స్కూటరు సీటు మీద పరిచి, ఇదిగో ఈ గడి మనది అని వేలు పెట్టి చూపిస్తే చుట్టూ మూగిన జనం ముఖాలు ఎలా ఉంటాయో ఒక్కసారి ఊహించుకో. ఆ సన్నివేశం నీ కథలో లేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో నీకు తెలియాలి.

1984లో నేను పూతలపట్టు దగ్గర ఒక పల్లె బడిలో టీచరుని. ఆ వేసవిలో ఊరివాళ్లు ఇంటికొకరు చొప్పున చెరువులో పూడిక తీశారు. ఇరవై రెండు రోజులు. సాయంత్రాలు నేను కట్ట మీద కూర్చుని చూసేదాన్ని. గడ్డపార దిగితే ముందు ఎండిన పెళ్లలు లేస్తాయి. జానెడు లోతుకు పోతే నల్ల మట్టి, చేత్తో తాకితే చల్లగా ఉంటుంది. దాన్ని బండ్లకెత్తి మడికి తోలుకుంటారు. తట్ట నింపేవాళ్లకూ మోసేవాళ్లకూ మధ్య మాటల్లేకుండానే ఒక లెక్క నడుస్తుంది. ముసలివాళ్ల తట్టలో ఒక పార తక్కువ పడుతుంది, దాన్ని ఎవరూ పైకి అనరు. ఇదంతా కిరసనాయిలు దీపం ముందు కూర్చుని పద్నాలుగు అరఠావుల్లో రాశాను. ఒక వారపత్రికకు పంపాను.

సంపాదకుడు జవాబు రాశాడు. పూడిక తీత తగ్గించాలన్నాడు. టీచరుకూ ఊళ్లో కుర్రవాడికీ మధ్య ఏదైనా పెడితే పాఠకులు చదువుతారన్నాడు. చివర కొసమెరుపు ఉండాలన్నాడు. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ. పద్నాలుగు అరఠావులు ఐదైనాయి. చెరువు ఒక పేరాలో పూర్తయింది. కథ అచ్చయింది.

చెరువు నీళ్లు మడులకు వదిలే ఆ ఊరి నీరుగంటి కూతురు నా దగ్గర అయిదో తరగతి చదివేది. పత్రిక తీసుకుపోయి కట్ట మీద నాన్నకు చదివి వినిపించింది. ఆయన మొత్తం విన్నాడు. బాగుందన్నాడు. కాసేపటికి నన్ను అడిగాడు, "మేం ఎత్తిన మట్టి యాడ పోయింది టీచరమ్మా?"

తప్పు పట్టడానికి అడగలేదు నాయనా. నిజంగానే వెతుక్కున్నాడు.

ఆ కథను మొదటి రూపంలో మళ్లీ రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. పాత కాయితాలు చెదలు తినేశాయి. మట్టి ఎత్తేటప్పుడు బండి కదలకుండా చక్రం కింద పెట్టే రాయిని వాళ్లు ఒక మాటతో పిలిచేవాళ్లు. అది ఎంతకీ గుర్తు రాలేదు. అడుగుదామని ఆ ఊరికి పోతే నీరుగంటి పోయి అప్పటికే ఏడాదైంది. ఆ మాట నా కథలో ఈ రోజుకీ లేదు. ఆ సంపాదకుణ్ణి నేను ఇంకా క్షమించలేదు. ఆయన చెప్పినట్టు కోసిన నన్ను నేను కూడా క్షమించుకోలేదు.

ఇంటికొకరు చెరువు పనికి పోయే ఆ పద్ధతిని మన పాతవాళ్లు కుడిమరామత్తు అనేవాళ్లు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు, ఇక్కడి ఊళ్లు చాలా వరకు ఉత్తర ఆర్కాడు జిల్లా కింద ఉన్న కాలం నుంచీ ఉన్నదే. మద్రాసు ప్రభుత్వం 1858లో దీనికోసం చట్టం కూడా చేసింది. అలవాటు ప్రకారం పనికి రావలసినవాడు రాకపోతే డబ్బు కట్టాలి. చట్టం దాకా ఎందుకు పోయింది? రానివాళ్లు ఆ రోజుల్లో కూడా ఉన్నారు కనుకనే. నీ కథలో రానివాడు ఒక్కడూ లేడు. అందరూ మంచివాళ్లు, అందరూ ఒక్క పిలుపుకే వచ్చారు. అందుకే నమ్మబుద్ధి కాలేదు.

"పన్ను కడుతున్నాం కదా, పార్కు పని కార్పొరేషన్ చూసుకోవాలి" అనే మనిషి ప్రతి కాలనీలో ఒకరుంటారు. అతన్ని తెచ్చి పెట్టు. విలన్‌గా పెట్టొద్దు. అతని మాటలో న్యాయం ఉంది. మనం ఉచితంగా చేసిపెడితే వాళ్లు అసలు చేయడమే మానేస్తారని అతని భయం. దానికి నీ కుర్రాళ్లు ఏం జవాబు చెప్తారు? నాకైతే చేయి ఆపకుండా అర్జీ కూడా పెట్టడమే సరైన దారి అనిపిస్తుంది. మొక్కకు నీళ్లు మనం పోద్దాం, లైటు స్తంభానికీ ప్రహరీకీ వాళ్ల వెంట పడదాం. కానీ నీ మనుషులు నా జవాబు చెప్పాల్సిన పని లేదు. వాళ్లలో వాళ్లు తగువు పడనీ.

చిన్న విషయమే గానీ నాకు చాలా పట్టింపు. ఎదురింటి మనిషిని ఏడో పేజీలో అవ్వ అన్నావు, తొమ్మిదో పేజీలో "బామ్మలు, తాతయ్యలు వాకింగు చేస్తున్నారు" అన్నావు. మీ ఇంట్లో ఎవరైనా బామ్మ అంటారా? నా రెండో కథలో అవ్వ అని రాస్తే పత్రికలో బామ్మ అని మార్చి వేశారు. అచ్చులో ఆ మాట చూసినప్పుడు మా అవ్వను ఎవరో వేరే ఇంటికి తీసుకుపోయినట్టు అనిపించింది. పుస్తకంగా వేసుకునేటప్పుడు పదిహేడు చోట్ల దిద్దుకున్నాను. ఎవరో దిద్దుతారేమోనని భయపడి నీ మాటను నువ్వే ముందుగా మార్చుకోకు.

నువ్వు అడిగిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. పోటీకి పంపమంటారా అన్నావు. ఇప్పుడే వద్దు. సందేశం ఉండాలి, ఇన్ని మాటలు దాటకూడదు అని ముందే గిరి గీసే పోటీల కోసం రాస్తే ఈ ఆగస్టు పదిహేను ముగింపులే వస్తాయి. వాటికి బహుమతులు కూడా వస్తాయి, అదే నా టెన్షన్. మిగతావి మళ్లీ మాట్లాడుకుందాం.

ఇక అవ్వ. బియ్యం కడిగిన నీళ్లు అన్నావు. దేనిలో తెచ్చింది? చెంబుతో తెస్తే ఆమె ఒక్కతే వండుకుంటోందని అర్థం. గిన్నె నిండుగా ఉంటే ఇంట్లో ఇంకా మనుషులున్నారు. సంక్రాంతికి నాలుగు రోజులు బిందెతో వచ్చిందంటే పిల్లలు వచ్చారు, మళ్లీ చెంబు పట్టుకుని వచ్చిందంటే వెళ్లిపోయారు. ఒక్క పాత్ర చూస్తే ఆమె ఇల్లంతా తెలుస్తుంది. ఇంకా, అన్ని మొక్కలుండగా పొగడకే ఎందుకు పోస్తోంది? పొగడ చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు, పూత చూడాలంటే ఏళ్లు పడుతుంది. దాని పువ్వు వాడి ఎండిపోయినా వాసన పోదు. ఆమె పుట్టింట్లో పొగడ చెట్టు ఉండేదేమో. నేను ఊహించి చెప్పడం వద్దు, నువ్వు వెళ్లి అడుగు. మీ ఆదివారం పనికి ఎవరూ ఆమెను పిలిచి ఉండరు. వాట్సాప్ గ్రూపులో ఆమె నంబరు ఉండదు. నీళ్లు పోసే వంతుల కాగితంలో పేరు ఉండదు. మే నెలలో మీ వంతులన్నీ తప్పినప్పుడు కూడా ఆమె చెంబు తప్పి ఉండదని నా నమ్మకం.

వచ్చే నెల రెండో ఆదివారం ఎం.ఆర్.పల్లిలో మా చెల్లెలి ఇంటికి వస్తున్నాను. పొద్దున ఆరింటికి మీ పార్కుకు వస్తాను. అప్పటికి కథ తిరగరాసి ఉండక్కర్లేదు. నాకు ఆ పొగడ మొక్క చూపించు. అవ్వ వచ్చే వేళ ఏదో కనుక్కుని ఉంచు.

ఆశీస్సులతో,
టీచరమ్మ