పాప వంగి నడుస్తోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మా పాపకు పదేళ్లు, ఐదో తరగతి. రెండు నెలలుగా భుజాలు ముందుకు వంచి నడుస్తోంది. ఎండలో కూడా స్వెటర్ విప్పడం లేదు. మొన్న తలంటుతుంటే ఎడమవైపు ఛాతీలో గోలీకాయంత గట్టిగా ఉందని, తగిలితే నొప్పి అని ఏడ్చింది. పండక్కి వచ్చిన మా ఆడపడుచు అందరి ముందూ "ఒళ్లు చేసింది, తిండి తగ్గించండి" అన్నారు. అప్పటినుంచి మూడు ఇడ్లీలు తినే పిల్ల ఒక్కటి తిని లేస్తోంది. అత్తగారేమో "ఇప్పుడే అవన్నీ చెప్పకు, భయపడుతుంది" అంటున్నారు. చెప్పాలా? ఎలా?
ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, ముందు ఆ గోలీకాయ సంగతి. మీరు రాసినదాన్ని బట్టి పాపకు రొమ్ములు రావడం మొదలైంది. ఆడపిల్లల్లో ఇది 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. చాలామందికి ముందు ఒక పక్కే వస్తుంది, రెండోది కొన్ని నెలలకు అందుకుంటుంది. తగిలితే నొప్పి మామూలే. ఎర్రబడినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. ఈ మాట పాపకు ఇవాళే చెప్పండి. ఏదో పెద్ద జబ్బు వచ్చిందని తను రాత్రిళ్లు ఒక్కతే భయపడుతూ ఉండొచ్చు.

ఆ భయం నాకు తెలుసు. పన్నెండేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో, గౌను మీద రక్తం చూసి ఎక్కడో కోసుకుందనుకున్నాను. మధ్యాహ్నమంతా పెరట్లో తొట్టి దగ్గర గౌను ఉతుకుతూనే ఉన్నాను. తర్వాత చాప వేసి మూల కూర్చోబెట్టారు. చిమ్మిలి పెట్టారు, పేరంటాళ్లు వచ్చి హారతి పట్టారు. ఏం జరిగిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చాలా ఏళ్లకు అమ్మ అంది: "నాకూ ఎవరూ చెప్పలేదే, ఎలా చెప్పాలో తెలియలేదు." మీ అత్తగారి పరిస్థితీ అదే అయ్యుంటుంది. ఆవిడ మీద కోపం వద్దు, కానీ ఆగొద్దు.

రొమ్ములు మొదలైన రెండు, రెండున్నరేళ్లకు సాధారణంగా మొదటి నెలసరి వస్తుంది. కాబట్టి అంతా ఒకేరోజు పాఠంలా చెప్పక్కర్లేదు. మా అమ్మాయికి నేను జడ వేస్తూ చెప్పాను. మొహాలు ఎదురెదురుగా ఉండవు కాబట్టి సిగ్గు తగ్గుతుంది. తను మొదట అడిగింది, "స్కూల్లో వస్తే ఎలా అమ్మా?" అని. రొమ్ము, గర్భసంచి, యోని, నెలసరి అని పేర్లు పెట్టే చెప్పండి. మొదటి ఒకటి రెండేళ్లు నెలనెలా సరిగ్గా రాకపోవచ్చని కూడా చెప్పండి, లేకపోతే అదొక టెన్షన్.

ఇక ఆ "ఒళ్లు చేసింది" మాట. చదువుతుంటే నాకు బాధేసింది. ఈ వయసులో నడుము, తొడల దగ్గర కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగం. ఎత్తు గబగబా పెరిగే కాలం కూడా ఇదే. సరిగ్గా ఇప్పుడు కడుపు మాడ్చుకుంటే ఎముకలకు, రక్తానికి దెబ్బ. మీ ఆడపడుచుకు ఫోన్ చేసి, పాప వింటుండగానే చెప్పండి: "వదినా, పాప ఎదుగుతోంది. తన ఒంటి గురించి మాట్లాడొద్దు." అందరి ముందూ అన్న మాటకు అమ్మ తన వైపు నిలబడిందని పిల్ల వినాలి. అద్దం ముందు నిలబడి మీరు "లావైపోయాను" అనుకునే అలవాటుంటే అదీ మానండి. పాప అవే మాటలు నేర్చుకుంటుంది.

పెద్దమనిషి ఫంక్షన్ సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. చేయాలో వద్దో పాపనే అడగండి. వద్దంటే ఫ్లెక్సీ కాదు కదా, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టొద్దు.

13 దాటినా రొమ్ములు రాకపోయినా, 15 నిండినా నెలసరి రాకపోయినా డాక్టరును కలవండి.

ఈ ఆదివారం ఒక చిన్న జిప్పు సంచి కొనండి. అందులో రెండు ప్యాడ్లు, ఒక డ్రాయరు, చుట్టి పారేయడానికి పాత పేపరు పెట్టి పాప స్కూలు బ్యాగులో వేయండి. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో మీ లోదుస్తుకు అతికించి చూపించి, తర్వాత తన చేత అతికించండి.