యాపిల్ వాసన ప్యాకెట్టులోనే ఎందుకు ఆగిపోతుంది?

పండ్ల వాసన, మసాలా ఘాటు కలిపిన టీల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒక్కరి ఉత్తరాన్నే తీసుకున్నాను. టీ రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడమే చాలాకాలం నా ఉద్యోగం. అందువల్ల కొన్ని మొండి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాటిని దాచుకునే అలవాటు లేదు.

మేడమ్ గారూ, యాపిల్, దాల్చినచెక్క కలిపిన హెర్బల్ టీ ప్యాకెట్టు విప్పితే గదంతా ఘుమఘుమలాడింది. తీరా కప్పులో పోసుకుంటే పుల్లటి వేడినీళ్లు తాగినట్టుంది. పాడైంది టీయా, నా నాలుకా?

రెండూ బాగానే ఉన్నాయి. యాపిల్ తింటున్నప్పుడు మీ నాలుకకు నిజంగా అందేవి చక్కెరల తీపి, మాలిక్ ఆమ్లం పులుపు, తొక్కలోని కాస్త వగరు. ఆ ఆమ్లాన్ని కార్ల్ విల్‌హెల్మ్ షీలే అనే రసాయన శాస్త్రవేత్త 1785లో మొదటిసారి వేరుచేసింది యాపిల్ రసం నుంచే. ఇక ‘ఇది యాపిల్’ అని గుర్తుపట్టేది ముక్కు. హెక్సైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ వంటి ఎస్టర్లు, అంటే పండ్లకు సువాసననిచ్చే పదార్థాలు, నోటి వెనుక నుంచి ముక్కులోకి చేరితేనే ఆ గుర్తింపు కలుగుతుంది. నమ్మకం కుదరకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. మింగేముందు ముక్కు వదలండి. అప్పుడు ఒక్కసారిగా వచ్చి పడేదంతా వాసనే.

చిక్కు ఎక్కడంటే, ఈ ఎస్టర్లు ఇట్టే ఎగిరిపోయే రకం. పండును ముక్కలు చేసి ఎండబెట్టేటప్పుడే చాలావరకు గాలిలో కలిసిపోతాయి. ఎండు ముక్కల్లో మిగిలేది తీపి, కొద్దిపాటి పులుపు, కషాయానికి కాస్త చిక్కదనం. అందుకే తయారీదారులు వాసన ద్రవ్యాన్ని విడిగా చేరుస్తారు. మీరు ప్యాకెట్టు విప్పగానే పలకరించింది అదే. వేడినీళ్లు పోయగానే అది ఆవిరితోపాటు పైకి లేస్తుంది. కప్పు మీద మూత లేకపోతే గదికి దక్కినంత సువాసన మీకు దక్కదు. మూత పెట్టండి. తీశాక మూత లోపలి వైపు అంటిన చుక్కలను కప్పులోకే జార్చండి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని నమ్మనివాళ్లు ఒకసారి మూతతో, ఒకసారి మూత లేకుండా చేసి పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇక ఆ పులుపు సంగతి. ప్యాకెట్టు వెనుక పదార్థాల పట్టికను చూడండి. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది తర్వాత వచ్చేలా రాయాలన్నది చాలా దేశాల్లో నియమం. మొదటి పేరు హైబిస్కస్ అయితే, అంటే ఎర్ర గోగుపూలైతే, మీరు తాగింది ప్రధానంగా గోగుపూల కషాయం. యాపిల్ అందులో చుట్టపుచూపుగా వచ్చింది. ఎర్రటి రంగు చవకగా వస్తుంది కనుక ఈ పూలను ధారాళంగా వేస్తారు. నాకు పులుపు మీద కోపం లేదు. పెట్టె మీద యాపిల్ బొమ్మ వేసి లోపల గోగుపూలు నింపడం మీదే కోపం.

పట్టికలో మొదటి పేరు ఎండు యాపిల్ ముక్కలే అయి ఉంటే తప్పు కొలతలో ఉంది. పండు ముక్కలు ఆకుకన్నా బరువు, రసం వదలడంలో బద్ధకం. చిన్న సంచిలో పట్టే 2 గ్రాములు ఒక పెద్ద కప్పుకు ఏ మూలకూ రావు. విడి ముక్కలు 5 గ్రాముల వరకు తీసుకుని, కళపెళ మరిగిన నీళ్లు పోసి, 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి. ఇందులో తేయాకు లేదు కాబట్టి ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుందన్న భయం అక్కర్లేదు.

నలుగురు స్నేహితురాళ్లం కలిసి ఆరు రకాల యాపిల్, మసాలా టీలు రుచి చూడాలనుకుంటున్నాం. వృత్తిలో ఉన్నవారు పాటించే పద్ధతి ఏమిటి?

దీనికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. 1980లో వెలువడిన ఐఎస్ఓ 3103 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల టీ, 6 నిమిషాల సమయం, తెల్ల పింగాణీ లేదా మెరుపు పూత ఉన్న మట్టిపాత్ర. దీనికి మూలమైన బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్ నోబెల్ అనే వెటకారపు బహుమతి వచ్చింది, అదీ సాహిత్యంలో! టీ కాచడానికి అన్ని పేజీలా అని లోకం నవ్వుకుంది. నవ్వితే నవ్వనివ్వండి. ఈ పద్ధతి రుచికరమైన టీ కోసం పుట్టలేదు, పోల్చి చూడడం కోసం పుట్టింది. ఆరు నిమిషాలు ఉంచితే టీలోని లోపాలన్నీ బయటపడతాయి. మీ దగ్గరున్నవాటిలో తేయాకు లేనివే ఎక్కువైతే సమయాన్ని 10 నిమిషాలకు పెంచి, తేయాకు ఉన్నవాటిని వేరే వరుసలో 5 నిమిషాలకు దించండి. ఒక వరుసలో ఉన్నవాటన్నిటికీ బరువు, నీరు, సమయం, పాత్ర ఒక్కటే ఉండాలి. చెంచాతో కొలవకండి. చెంచాడు చామొమైల్ పూలూ చెంచాడు దాల్చిన ముక్కలూ బరువులో ఎక్కడా పొంతన కుదరవు.

అసలు కిటుకు వరుసక్రమంలో ఉంది. మెత్తని రుచులతో మొదలుపెట్టండి: చామొమైల్, తర్వాత రూయిబోస్‌తో కలిపిన యాపిల్. రూయిబోస్ దక్షిణాఫ్రికా సెడర్‌బర్గ్ కొండల్లో పెరిగే పొద. దానికి సహజంగానే కాస్త తీపి, కాస్త కొయ్య వాసన ఉంటాయి, కెఫీన్ ఉండదు. యాపిల్‌కు ఇంతకన్నా మంచి తోడు నాకు తెలిసి లేదు. ఆ తర్వాత పుల్లని గోగుపూల రకాలు, పిమ్మట దాల్చినచెక్క జోరుగా ఉన్నవి. లవంగం, శొంఠి, అతిమధురం ఉన్నవాటిని చివరికి నెట్టండి. లవంగంలోని యూజినాల్ నాలుకను కొద్దిగా మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు దాన్ని వాడేది ఆ గుణం కోసమే. శొంఠి పచ్చి అల్లంకన్నా ఘాటు. ఎండేటప్పుడు అల్లంలోని జింజరాల్ అనే ఘాటు పదార్థం కొంత, అంతకన్నా ఘాటైన షోగాల్‌గా మారడమే ఇందుకు కారణం. అతిమధురం వీటన్నిటికన్నా మాయలమారి. దాని తీపి ఆలస్యంగా వచ్చి ఒక పట్టాన నాలుకను వదలదు. దాని తర్వాత ఏది తాగినా తియ్యగానే అనిపిస్తుంది. ఆ తీపిని పక్క కప్పుకు అంటగట్టి మార్కులు వేస్తారు.

పొగలు కక్కుతున్నప్పుడు రుచి చూడకండి. నాలుక కాలితే ఆ పూటకు పరీక్ష ముగిసినట్టే. పైగా 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవి’గా వర్గీకరించింది. కాస్త వేడి తగ్గాక ఒకసారి, గోరువెచ్చగా ఒకసారి, పూర్తిగా చల్లారాక ఒకసారి, అలా ఒకే కప్పును మూడుసార్లు చూడండి. నేను తీర్పు చెప్పేది చల్లారిన కప్పును బట్టే. వేడి తగ్గేకొద్దీ పై వాసనల సందడి సద్దుమణిగి, అడుగున ఉన్న సరుకు తెలిసివస్తుంది. మంచి మిశ్రమంలో అప్పుడు కూడా ఉడికిన యాపిల్ కమ్మదనం, మసాలా వెచ్చదనం ఉంటాయి. నాసిరకమైతే సబ్బునీళ్ల వాసనో, మింగాక గొంతులో చేదో మిగులుతుంది.

జుర్రుమని శబ్దం చేస్తూ తాగండి. మర్యాద సంగతి ఆ కాసేపు పక్కన పెట్టండి. గాలితోపాటు లాగితే ద్రవం తుంపరగా మారి వాసన ముక్కుకు చేరుతుంది. కప్పుకూ కప్పుకూ మధ్య మంచినీళ్లు, ఉప్పులేని రొట్టె ముక్క చాలు. ఆరోజు ఎవరూ అత్తరు పూసుకోకూడదు. కాగితం మీద ‘బాగుంది’, ‘బాగాలేదు’ అని రాయడం నిషేధించండి. యాపిల్ పచ్చికాయలా ఉందా, పండినట్టుందా, ఉడికించినట్టుందా, మిఠాయిలా ఉందా? ముందు ఏది తెలిసింది, మింగాక ఏది మిగిలింది? ఇవి రాస్తేనే మీ నలుగురి మధ్య మంచి వాదన జరుగుతుంది.

ప్యాకెట్టు మీద ‘సహజ వాసన ద్రవ్యాలు’ అని ఉంది. యాపిల్ ముక్కలు వేశాక మళ్లీ వాసన చేర్చడం మోసం కాదా?

ముక్కలతో ఆ వాసన రాదని పైన చెప్పాను కనుక, చేర్చడం నా దృష్టిలో మోసం కాదు. సహజమైనా కృత్రిమమైనా హెక్సైల్ ఎసిటేట్ అణువు ఒక్కటే. తేడా అది ఎక్కడినుంచి వచ్చిందన్న దాంట్లోనే. నా ఫిర్యాదు మోతాదు గురించి. వాసన ద్రవ్యం అతిగా పడితే యాపిల్ బదులు యాపిల్ మిఠాయి ముక్కుకు తగులుతుంది.

చేర్చిన వాసన అసలే వద్దనుకుంటే చామొమైల్ ప్రయత్నించండి. ముఖ్యంగా రోమన్ చామొమైల్ పూలు తమ సొంత ఎస్టర్ల వల్ల యాపిల్ పరిమళమే వేస్తాయి. వాటికి ఎండు యాపిల్ ముక్కల తీపి జతచేస్తే, ఏ సీసా అవసరమూ లేకుండా పండు మొత్తం కప్పులోకి వచ్చినట్టుంటుంది.

యాపిల్ మసాలా టీలో పాలు పోశాను. విరిగిపోయాయి. పాలు పాతవా?

పాలను అనకండి. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. అది 4.6 దగ్గరికి పడిపోతే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ గడ్డకడుతుంది. గోగుపూల కషాయం అంతకన్నా పుల్లనిది. పాలు తప్పనిసరి అయితే గోగుపూలు లేని, నల్ల టీ లేదా రూయిబోస్ ఆధారంగా ఉన్న రకం కొనండి.

తాజా యాపిల్‌తో ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. ఒకసారి దాల్చినపొడి వేస్తే జిగురుగా తేలింది. సరైన పద్ధతి చెప్పగలరా?

పొడి వద్దు, చెక్కే వేయండి. దాల్చినపొడి నీళ్లలో కరగదు, నాని జిగురుగా సాగుతుంది. చెక్కల్లోనూ రెండు రకాలున్నాయి. మందంగా, గట్టిగా, ఒకే పొరగా చుట్టుకున్నది కాసియా. పల్చటి పొరలు ఒకదానిలో ఒకటి దూరి, వేళ్లతో నలిపితే విరిగేది సిలోన్ దాల్చిన. కాసియా గొంతు పెద్దది, యాపిల్‌ను మాట్లాడనివ్వదు. దానిలో కౌమరిన్ అనే సహజ రసాయనం కూడా ఎక్కువ. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ ప్రకారం శరీర బరువులో కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మేలు. అతిగా తీసుకుంటే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. ఎప్పుడో ఒక కప్పుకు భయం లేదు. రోజూ తాగేవాళ్లు సిలోన్ రకానికి మారడం మంచిది.

అర లీటరు నీళ్లలో వేలెడు దాల్చినచెక్క, నాలుగు పల్చటి అల్లం ముక్కలు వేసి, మూతపెట్టి చిన్న మంట మీద 10 నిమిషాలు మరగనివ్వండి. ఒక యాపిల్‌ను బాగా కడిగి, తొక్క తీయకుండా పల్చగా తరిగి వేయండి. పండు వాసనలో పెద్ద భాగం తొక్కలోనే ఉంటుంది. తొక్క చెక్కి పారేసి టీలో యాపిల్ రుచి లేదనేవారికి నేనేం చెప్పను! మరో 10 నిమిషాలు సన్న సెగ చాలు. తెర్లనివ్వకండి, ముక్కలు మెత్తబడి కషాయం మడ్డిగా అవుతుంది. లవంగం ఒక్కటే, అదీ దించే ముందు. తేయాకు కావాలంటే పొయ్యి కట్టేశాక వేసి, 3 నిమిషాల్లో వడకట్టండి. యాపిల్‌తోపాటు మరిగిస్తే వగరు మాత్రమే మిగులుతుంది. తేనె కలిపేవారు ముందు కలపకుండా ఒక గుక్క తాగి చూడండి. దాల్చిన వాసనకు లేని తీపిని ఉన్నట్టు అనిపించే గుణం ఉంది, తేనె అవసరమే పడకపోవచ్చు.

మా అత్తగారికి రక్తపోటు ఉంది. మూలికలే కదా అని మసాలా హెర్బల్ టీ రోజూ నాలుగైదు కప్పులు తాగుతున్నారు. ఫరవాలేదా?

ముందు ఆ పెట్టె మీద అతిమధురం పేరు ఉందేమో చూడండి. చక్కెర వేయకుండానే తియ్యగా ఉండే మసాలా మిశ్రమాల్లో అది తరచుగా ఉంటుంది. అందులోని గ్లిసిరైజిన్ ఒంట్లో సోడియంను నిలిపి, పొటాషియంను బయటికి పంపి, రక్తపోటును పెంచగలదు. అది ఉంటే ఆపించి, తాగుతున్న సంగతి డాక్టరుగారికి చెప్పండి. చామొమైల్ ఉంటే, రక్తం పల్చబడే వార్ఫరిన్ వంటి మందు వాడేవారు కూడా చెప్పితీరాలి. చామంతి జాతి పూలు పడనివారికి చామొమైల్ కూడా పడకపోవచ్చు.

హెర్బల్ అన్నంత మాత్రాన కెఫీన్ ఉండదనీ అనుకోవద్దు. దక్షిణ అమెరికాకు చెందిన మాతే ఆకులో అది దండిగా ఉంటుంది. అత్తగారికి యాపిల్, రూయిబోస్, యాలకులు మాత్రమే ఉన్న రకం తెచ్చిపెట్టండి. రుచిలోనూ ఆవిడకేమీ లోటు రాదు.

యాపిల్ టీ పక్కన పెట్టిన మామూలు టీపొడి కూడా యాపిల్ వాసన కొడుతోంది. పోగొట్టే ఉపాయం ఉందా?

లేదు. ఎండు తేయాకు చుట్టూ ఉన్న వాసనను పీల్చుకుంటుంది. మల్లెపూల మధ్య రాత్రంతా ఉంచి మల్లె టీ చేసేది ఈ గుణంతోనే. ఆ టీపొడిలో ఒక దాల్చిన ముక్క, నాలుగు ఎండు యాపిల్ ముక్కలు కలిపి వాడేయండి. కొత్త పొడిని బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి వేరే అరలో పెట్టండి. పాత డబ్బా ప్లాస్టిక్‌దైతే దాన్ని యాపిల్ టీకే వదిలేయండి. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు.